నూతిలో తాబేలు గురించి రాసిన అమ్మాయికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రాత్రి చదివాను. తాబేలు పోయి నెలలు గడిచినా మీ అమ్మగారు నూతిలోకి చేద వదిలేటప్పుడు తాడు నెమ్మదిగానే జారుస్తారని, కింద దానికి దెబ్బ తగులుతుందన్న జాగ్రత్త చేతుల్లోంచి ఇంకా పోలేదని రాశావు. అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు వరండాలో తిరిగాను. అటువంటి వాక్యాన్ని మూడో పేజీ మధ్యలో వదిలేసి వెళ్లిపోయావు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఎక్కడికి వెళ్లావు? శ్రీకూర్మానికి. క్షీరసాగరం, మందరగిరి, ఆదికూర్మం అన్నీ వచ్చాయి. చివరికి మీ తాబేలు వీపు మీద పసుపు నక్షత్రాలు కూడా మొలిచాయి. అమ్మా, ఆ నక్షత్రాలు శ్రీకూర్మం గుడిలో పెంచే తాబేళ్లవి. అవి మెట్ట జీవులు. గడ్డీ ఆకులూ మేస్తూ నేల మీద తిరుగుతాయి. ఈత రాదు, నూతిలో వేస్తే మునిగిపోతాయి. మీ తాతగారు చెరువులోంచి తెచ్చింది వేరే జాతి. వీపు తడి తోలులా ఉండేదని, పట్టుకోబోతే మెడ చాచి కరవబోయేదని మొదటి పేజీలో నువ్వే చెప్పావు. ఆ మెత్తవీపు తాబేలు నత్తల్నీ కప్పల్నీ నీటి పురుగుల్నీ తింటుంది. కాళ్లు లోపలికి లాక్కుంటే కడుపువైపు చర్మపు మడతలు వెనక కాళ్లను కప్పేస్తాయి. ఊపిరి కోసం పైకి వచ్చి ముక్కు కొన మాత్రం నీటిపైన పెడుతుంది. గిలక చప్పుడు వినగానే పైకి వచ్చేదన్నావు. గట్టు మీంచి వంగి చూసిన నీకు కనబడింది ఆ ముక్కు కొనే అయ్యుండాలి. అది రాయకుండా ‘దాని కళ్లలో అపార కరుణ’ అని రాశావు. అంత లోతులో కళ్లు ఎలా కనబడ్డాయి?

పోయిన ప్రాణిని దేవుణ్ణి చేసినంత మాత్రాన దాని మీద ప్రేమ చదివేవాళ్లకు అందదు. ఏం తినేదో, ఎక్కడ నక్కేదో, ఎవరి చప్పుడుకి వచ్చేదో చెప్పాలి. ఈ మాట మీద నేను చాలామందితో పోట్లాడాను. నెల్లిమర్లలో జూట్ మిల్లు రాత్రి డ్యూటీ చేసి, పగటి నిద్ర మానుకుని మా ఎద్దు మీద కథ రాశాను. కొమ్ము మొదట్లో గోకితే తప్ప అది కాడి కిందికి వచ్చేది కాదు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ గోకడం తీసేసి, ఎద్దును రైతు బతుక్కి ప్రతీక చెయ్యమన్నాడు. తియ్యలేదు. కథ అచ్చు కాలేదు. ఈ రోజు అడిగినా తియ్యను. ఇప్పటి సంపాదకులకేమో జంతువులు మాట్లాడాలట.

చివర్లో ఇంకో పిల్ల తాబేలును తెచ్చి నూతిలో వేస్తానన్నావు. వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడది నేరం. పైగా ఆ ఒక్క మాటతో పాతదాని చావు తేలికైపోయింది.

పత్రికల చిరునామాలు అడిగావు, కలం పేరు అడిగావు. ముందు అమ్మగారి దగ్గర కూర్చో. చచ్చిపోయిందని మొదట ఎవరు చూశారు? చేదతో తీశారా, ఎవరైనా తాడు పట్టుకుని దిగారా? నుయ్యి తోడించారా? ఎన్నాళ్లు ఆ నీళ్లు ముట్టుకోలేదు? పెరట్లో ఎక్కడ పాతిపెట్టారు? ఇవేవీ నీ వ్యాసంలో లేవు. ఇవి రాసి, నక్షత్రాలు కొట్టేసి, మళ్లీ పంపు. ఎంత పొడుగైనా చదువుతాను.

ఆశీస్సులతో.