మర్టన్ సిద్ధాంతం, పాలమూరు వలస కూలీలు: మీ సందేహానికి సమాధానం

పేదరికమే నేరానికి కారణమైతే, పాలమూరు నుండి ముంబై, పుణెలకు వలస వెళ్ళిన లక్షలాది కూలీలు నేరస్థులు కాలేదెందుకని మీరు అడిగారు. ఈ ప్రశ్న, నేరానికి సామాజిక కారణాలు చూపిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మర్టన్‌ను తప్పుపట్టదు. ఆయనను పాఠంలో కుదించి చెప్పిన తీరునే తప్పుపడుతుంది.

రాబర్ట్ మర్టన్ 1938లో చెప్పింది పేదరికం గురించి కాదు. సమాజం అందరికీ ఒకే లక్ష్యాన్ని చూపి, దానిని చేరే న్యాయమైన దారులను కొందరికే తెరిచి ఉంచినప్పుడు పుట్టే ఒత్తిడి గురించి. ఆ ఒత్తిడికి ఆయన చూపిన ఐదు స్పందనలలో నేరానికి దగ్గరగా ఉండేది ప్రధానంగా ‘నవకల్పన’, అంటే లక్ష్యాన్ని ఒప్పుకొని అడ్డదారి పట్టడం. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకుని, నెలల తరబడి మట్టి మోసి, కూతురి పెళ్ళికి డబ్బు కూడబెట్టే కూలీ ‘అనుసరణ’ వర్గంలోకే, అంటే లక్ష్యాన్నీ న్యాయమైన దారినీ రెండింటినీ ఒప్పుకునేవారిలోకే వస్తాడు.

అయితే ఒకే ఒత్తిడిలో ఉన్న ఇద్దరిలో ఒకరే ఎందుకు దారి తప్పుతారో మర్టన్ సరిగా చెప్పలేదన్నది న్యాయమైన విమర్శే. అక్కడ నేరశాస్త్రవేత్త సదర్లాండ్‌ను తీసుకోండి: నేరప్రవర్తన సన్నిహితుల మధ్య నేర్చుకునేదని ఆయన వాదన. మరో నేరశాస్త్రవేత్త ట్రావిస్ హర్షీ 1969లో ప్రశ్ననే తిరగేసి, మనుషులు నేరం ఎందుకు చేయరని అడిగాడు. ఇంటిపై మమకారం, ఊరిలో పరువు వంటి బంధాలే ఆపుతాయన్నాడు. మీ కూలీల ఉదాహరణకు నా దృష్టిలో ఇదే అతికే జవాబు. పరీక్షలో మర్టన్‌తో మొదలుపెట్టి, హర్షీతో ముగించండి.