ఖో-ఖోకు పంపండి, కానీ ముందు పీఈటీ సార్ ఉన్నాడో లేదో కనుక్కోండి

"మా పాప ఎనిమిదో తరగతి, జెడ్పీ హైస్కూల్. ఖో-ఖో టీమ్‌లోకి తీసుకున్నారు. పదో తరగతి దగ్గర పడుతోంది, చదువు పాడవుతుందేమో, పంపాలా వద్దా?" అని మీరు అడిగారు.

పంపండి. నేను పరకాల దగ్గరి ఒక జెడ్పీ హైస్కూల్లో చదువుకున్నాను. 2006లో, తొమ్మిదో తరగతిలో ఉండగా ఖో-ఖో ఆడాను. టీమ్‌లో మేం పన్నెండు మందిమి. పదో తరగతి తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆడే పిల్లకు చదువు రాదంటే నేను ఎన్నటికీ ఒప్పుకోను. సాయంత్రం గంటన్నర ఉరికొచ్చిన పిల్ల పుస్తకం పట్టగానే తూగుతుందంటారు. మాకు ముందు ఆకలయ్యేది. కడుపునిండా తిని కూర్చుంటే పాఠం ఇట్టే ఎక్కేది.

మా పీఈటీ సార్, అంటే ఆటల టీచర్, పొద్దున ఏడున్నరకే గ్రౌండ్‌లో ఉండేవాడు. సుతిలి తాడు, నాలుగు మేకులు, అడుగున బొక్కలు కొట్టిన పాల డబ్బా నిండా సున్నం. తాడు వెంట డబ్బా ఊపుకుంటూ పోతే గీత పడేది. మాది నల్లరేగడి. వాన పడితే పాదాల కింద చెప్పు మందాన అంటుకునేది, ఎండితే నెర్రెల్లో వేళ్లు ఇరుక్కునేవి. రెండు చివర్ల పాతిన పోల్స్ సర్వి బాదులు. పట్టుకుని తిరిగేటప్పుడు మా అరచేతుల్లో పేడు దిగకూడదని గాజు పెంకుతో గీకి గీకి నున్నగా చేసింది సారే.

ఖో-ఖో అంటే ఉరుకుడే అనుకుంటారు చాలామంది. సార్ మాకు మొదటి నెలంతా కూర్చోవడమే నేర్పిండు. తరిమే జట్టులో ఎనిమిది మంది గడుల్లో ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో పిల్ల అవతలి రన్నర్లను తరుముతుంది. చేతులు నేలకు, మునివేళ్ల మీద బరువు. వెనక నుంచి తరిమే పిల్ల చెయ్యి తగలాలి, "ఖో" వినపడాలి, అప్పుడే లేవాలి. అంతకన్నా ముందు లేస్తే ఫౌల్.

జోనల్ ఫైనల్ పక్క మండలంలో. చివరి టర్న్‌లో చేజింగ్, అంటే తరిమే వంతు, మాది. ఒక్కరు ఔటైతే సమానం, ఇద్దరైతే గెలుపు. నాది నాలుగో గడి. అవతలి రన్నర్‌కు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. నా ముందు నుంచే వస్తోంది. వెనక మా కెప్టెన్ అక్క కాళ్ల చప్పుడు వినపడుతోంది. రిబ్బన్ చేతికి అందేంత దగ్గర్లోకి రాగానే లేచేశాను. రిబ్బన్ నా వేళ్లకు తగిలింది కూడా. కానీ అక్క చెయ్యి నా వీపుకు ఇంకా తగల్లేదు. విజిల్ పడింది, ఔట్ ఇవ్వలేదు. సరైన తీర్పే. మేం మళ్లీ అటు తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల ఆ చివరి పోల్ దగ్గరుంది, టైమ్ అయిపోయింది. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం.

ఆటోలో ఎవ్వరూ మాట్లాడలేదు. బస్టాండ్ దగ్గర సార్ అందరికీ మిర్చి బజ్జీలు ఇప్పించిండు, నన్ను ఒక్క మాట అనలేదు. సోమవారం డ్రిల్ పీరియడ్‌లో మాత్రం నన్ను నాలుగో గడిలో కూర్చోబెట్టి, ముందు నుంచి ఒక పిల్లను, వెనక నుంచి అక్కను ఉరికించిండు. తను సైగ చేసేదాకా ఖో ఇవ్వొద్దని అక్కకు ముందే చెప్పిండట. ఎర్ర రిబ్బన్ల పిల్ల లాగే ఈ పిల్ల కూడా నా ముక్కు ముందు నుంచి పోతోంది, వస్తోంది. పిక్కలు వణుకుతున్నాయి. బెల్ కొట్టే ముందు అక్క చెయ్యి తగిలింది. గీత అవతల నుంచి సార్, "ఇప్పుడు లే బిడ్డా" అన్నడు. మళ్లీ ఎప్పుడూ ముందే లేవలేదు.

మరుసటేడు జూన్‌లో సార్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. డ్రిల్ పీరియడ్లు లెక్కలకు పోయాయి. సర్వి బాదులు పీకి సైకిళ్ల షెడ్డుకు వాడారు. అదే ఊరు, అవే గడపలు, అవే కాళ్లు, టీమ్ మాత్రం లేదు. సర్కారు బడిలో టీమ్ అంటే పిల్లలు కాదు, పీఈటీ. మనకు ఆడే పిల్లలకు కొదవ ఎప్పుడూ లేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగును మొదట గుర్తించింది కూడా పీఈటీనే, కోచ్ నాగపురి రమేశ్ తర్వాత వచ్చారు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖో-ఖో ప్రపంచకప్ జరిగితే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ గెలిచారు. అది టీవీలో చూస్తూ నేను ఏడ్చాను.

గ్రౌండ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఉన్న గ్రౌండ్‌లో సభలకు టెంట్లు వేస్తారు, గుంతలు పూడ్చకుండా పోతారు. సరిగ్గా టోర్నమెంట్ల రోజుల్లోనే వడ్లు ఆరబోస్తారు. రైతులను అనలేను, మా నాయిన కూడా అక్కడే పోసిండు. కల్లాలు కట్టిస్తే ఆ రైతు బడికెందుకు వస్తాడు?

మీరు రేపు బడికి పోయి రెండు సంగతులు కనుక్కోండి. పీఈటీ సార్ ఆ బడికి వచ్చి ఎన్నేళ్లయింది, బదిలీ ఎప్పుడు ఉండొచ్చు. పాపను కూడా ఒక మాట అడగండి, ఏ గడిలో కూర్చోబెడుతున్నారని. మధ్య గడి అంటే రన్నర్ ఎక్కువగా తన ముందు నుంచే పోతుంది, ఓపిక ఉన్న పిల్లనే అక్కడ పెడతారు. సాయంత్రం డబ్బాలో నాలుగు పల్లీలు, బెల్లం ముక్క పెట్టి పంపండి.