ఈనిన గేదెకు కాఫీ రంగు మూత్రం

ప్రశ్న: మా ముర్రా గేదె నాలుగో ఈత. ఈని మూడు వారాలైంది. నిన్నటి నుంచి మూత్రం కాఫీ డికాషన్‌లా పోస్తోంది. జ్వరం లేదు, పాలు సగానికి పడిపోయాయి. మేపు అంతా వరిగడ్డే. రక్తం పట్టే టానిక్ తాగిస్తే సరిపోతుందా?
– ఒక రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: సరిపోదండీ. ఇవాళే పశువైద్యుణ్ణి పిలిపించండి, లేదా సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ముందు మూత్రాన్ని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. ఎరుపు అడుగుకు దిగి పైన తేటపడితే అది రక్తం. రంగు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంటే ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలి, హిమోగ్లోబిన్ మూత్రంలో పోతోందని అర్థం. జ్వరం, ఒంటిమీద పిడుదులు ఉంటే బెబీసియాను (పిడుదుల ద్వారా సోకే రక్తపు పరాన్నజీవిని) అనుమానించాలి. మీరు చెప్పిన లక్షణాలు భాస్వరం లోపానికే సరిపోతున్నాయి. అయినా రక్తపు స్లైడు, సీరంలో భాస్వరం పరీక్ష చేయించండి.

ఎర్రకణం పొరలో ఒక పంపు ఉంటుంది. లోపలికి కారే సోడియం అయాన్లను మూడేసి చొప్పున బయటికి నెట్టి, రెండేసి పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దానికి శక్తినిచ్చేది ఏటీపీ అనే అణువు. గ్లూకోజును విరగ్గొట్టి ఏటీపీ చేసుకోవాలంటే కణానికి భాస్వరం కావాలి. వరిగడ్డిలో అది చాలా తక్కువ, పాలలో మాత్రం లీటరుకు సుమారు గ్రాము పోతుంది. భాస్వరం తగ్గితే పంపు మందగిస్తుంది. సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. సాగే గుణం పోయి, సన్నని నాళాల్లో దూరేటప్పుడు చిట్లిపోతుంది. టానిక్ కొత్త రక్తం పట్టడానికి తర్వాత పనికొస్తుంది గానీ ఈ చిట్లడాన్ని ఆపదు.

చికిత్స: సోడియం ఆసిడ్ ఫాస్ఫేట్ 60 గ్రాములు 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, డాక్టరే నరానికి నెమ్మదిగా ఎక్కించాలి. తర్వాతి మోతాదులు చర్మం కింద 12 గంటలకోసారి, నోటి ద్వారా రోజూ 60 గ్రాములు. కాల్షియం సీసాలో దీన్ని కలపకూడదు, గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. కంటి పొర తెల్లగా పాలిపోయి, పశువు తూలుతుంటే మందొక్కటే చాలదు. ఆరోగ్యంగా ఉన్న మరో గేదె రక్తం ఎక్కించాలి.

తేరుకున్నాక దాణాలో తవుడు పెంచండి, అందులో భాస్వరం బాగా ఉంటుంది. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి. వచ్చే ఈతకు చూడి చివరి రెండు నెలల నుంచే ఇది మొదలుపెట్టాలి. గేదెల్లో ఈ జబ్బు ఈనకముందు కూడా వస్తుంది.