వాచీ నొక్కే ముందు: ఐఈలో చేరిన మా అమ్మాయికి

అమ్మలూ,

అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ (ఐఈ) డిపార్ట్‌మెంటులో చేరావని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషం. "ఇంజనీరింగ్ చదివిన పిల్లకి స్టాప్‌వాచీ ఇచ్చి కుట్టుమిషన్ల మధ్య నిలబెట్టారన్నయ్యా" అని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఆ సంగతి నేను చూసుకుంటాలే. బాలానగర్ వైపు ఫ్యాక్టరీల్లో నా సర్వీసంతా వర్క్ స్టడీలోనే, అంటే పని ఎలా చేస్తారో, ఎంత టైమ్ పడుతుందో కొలవడంలోనే గడిచింది కాబట్టి నీకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాస్తున్నా. ట్రైనింగ్‌లో ఫార్ములాలు ఎలాగూ చెప్తారు, నేను చెప్పేది ఫార్ములాలోకి వెళ్లే అంకెల గురించి.

మొదటి వారం వాచీ జేబులోంచి తియ్యొద్దు. మీ సూపర్‌వైజర్ తొందరపెట్టినా సరే, లైన్ చూస్తున్నానని చెప్పు. ఎందుకంటే కొత్తమ్మాయి ప్యాడ్ పట్టుకుని మిషన్ పక్కన నిలబడగానే కుట్టే మనిషి మనసులో మెదిలేది ఒక్కటే, రేపట్నుంచి టార్గెట్ పెంచుతారు. ఆ భయం వందేళ్లకు పైబడిన భయం. 1911 ఆగస్టులో అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధాల కర్మాగారంలో, టైమ్ స్టడీకి, అంటే వాచీ పెట్టి తన పని కొలవడానికి, ఒప్పుకోని పోతపనివాణ్ని ఒకణ్ని తీసేస్తే మిగతా పోతపనివాళ్లంతా పని ఆపేసి బయటికి నడిచారు. గొడవ వాళ్ల పార్లమెంటు దాకా వెళ్లి, ఆ తర్వాత కొన్నేళ్లకి ప్రభుత్వ కర్మాగారాల్లో స్టాప్‌వాచీ టైమ్ స్టడీకి డబ్బు ఖర్చుపెట్టకూడదని బడ్జెట్ చట్టాల్లోనే షరతు పెట్టారు. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో వైరింగ్ పనిలో ఉన్న 14 మందిని ఒక గదిలో కూర్చోబెట్టి గమనిస్తే, రోజుకి ఇంత చాలని వాళ్లలో వాళ్లే ఒక లెక్క పెట్టుకుని అంతకు మించి చెయ్యలేదు. ఎక్కువ చేస్తే పనికిచ్చే కూలి రేటు కోస్తారని వాళ్ల అనుమానం. బద్ధకం అనేస్తే సులువే, కానీ అలాంటి కోతలు చూసినవాళ్లకి ఆ అనుమానం రాకుండా ఎలా ఉంటుంది చెప్పు?

అందుకని ముందు మాట కలుపు. పల్లెల నుంచి బస్సుల్లో తెల్లారగట్ల బయల్దేరి వచ్చే ఆడవాళ్లు వాళ్లు. "అక్కా, నేను ఐఈ నుంచి వచ్చాను, ఈ జేబు కుట్టడానికి ఎంత టైమ్ ఇవ్వాలో రాయాలి, నువ్వు మామూలుగా కుట్టినట్టే కుట్టు" అని చెప్పి ప్యాడ్ మీద రాసేది చూపించు. వెనక నిలబడి దొంగచాటుగా టైమ్ తియ్యొద్దు. అలా తీస్తే పట్టుబడతావు, ఆ కబురు లంచ్‌లోపు లైనంతా పాకుతుంది, తర్వాత నీకు అక్కడ నిజం అంకె ఒక్కటి కూడా దొరకదు.

ఇక చూడటం. చొక్కా జేబు కుట్టడమే తీసుకో. బండిల్ (కత్తిరించిన ముక్కల కట్ట) లాగడం, కట్టు విప్పడం, ముందు భాగం మిషన్ మీద పరచడం, జేబు ముక్క తీసి గుర్తు మీద సరిగ్గా పెట్టడం, మూడు వైపులా కుట్టడం, దారం కత్తిరించడం, పక్కన పెట్టడం. కాగితం మీద ఒక్క ఆపరేషనే, చేతులు మాత్రం ఏడు పనులు చేస్తాయి. అందులో సూది కింద గుడ్డ కదిలే టైమ్ చాలాసార్లు సగం కూడా ఉండదు, మిగతాదంతా తియ్యడం, పెట్టడం, సర్దడం. ఒకావిడ జేబు ముక్కల్ని ఎడమ పక్క ఒళ్లో పెట్టుకుని వంగి తీస్తుంటుంది. పక్క లైన్‌లో అదే పని చేసే ఇంకొకావిడ కార్టన్ అట్ట ముక్క ఒకటి మిషన్ బల్లకి ప్లాస్టరుతో అతికించి, ముక్కలు చేతికి అందేలా దాని మీద పేర్చుకుంటుంది. వంగడం లేదు, వెతకడం లేదు. ఆ అట్ట ముక్క ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. నువ్వు టైమ్ రాయాల్సింది ఏ పద్ధతికి? ముందు అది తేలాలి. పద్ధతి ఖాయం చెయ్యకుండా తీసిన టైమ్ ఆ రోజుకి, ఆ మనిషికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఆ అట్ట ముక్క అందరికీ పెట్టించి, రెండు రోజులు అలవాటు కానిచ్చి, అప్పుడు వాచీ తియ్యి. పెట్టించేటప్పుడు అది ఎవరి ఆలోచనో మీటింగులో పేరు పెట్టి చెప్పు. మనవాళ్లు ఇది చెప్పరు, నాకు ఒళ్లు మండే విషయం.

వాచీ విషయంలో ఒక చిన్న జాగ్రత్త. మీకిచ్చే వాచీ డెసిమల్ మినిట్‌ది అయితే అందులో నిమిషానికి 100 భాగాలు, 50 కనిపిస్తే అది 30 సెకన్లని అర్థం. కొత్తవాళ్లు ఇక్కడ తడబడి షీట్లకి షీట్లు చించేస్తారు. బాబిన్ (కింది దారం చుట్ట) మార్చడం, బండిల్ కట్టు విప్పడం లాంటివి ప్రతి పీసుకీ రావు, అయినా వదిలెయ్యకూడదు. 40 పీసులకోసారి బాబిన్ మార్చడానికి 20 సెకన్లు పడితే పీసుకి అర సెకను. చూడ్డానికి చిన్నదే, అలాంటివి నాలుగు వదిలేస్తే టార్గెట్ అందని ద్రాక్ష అవుతుంది.

అసలు చిక్కంతా రేటింగులో ఉంది. ఆవిడ ఎంత వేగంతో చేస్తోందో నువ్వు కళ్లతో చూసి అంకె వెయ్యాలి, 100 అంటే పని తెలిసిన మనిషి ఉత్సాహంగా చేసే వేగం. చూశావా, ఇంత సైన్సులోనూ చివరికి ఒక మనిషి అంచనా మీదే నడుస్తుంది. ఒక లెక్క చూడు. జేబుకి నువ్వు చూసిన సగటు 40 సెకన్లు. రేటింగ్ 110 వేస్తే బేసిక్ టైమ్, అంటే 100 వేగానికి సరిచేసిన టైమ్, 40కి 110 శాతం, 44, దానికి 15 శాతం అలవెన్స్ (అలసటకీ సొంత అవసరాలకీ ఇచ్చే అదనపు టైమ్) కలిపితే 50.6 సెకన్లు, గంటకి 71 జేబులు. అదే మనిషికి, అదే 40 సెకన్లకి నువ్వు 90 వేశావనుకో, 36, అలవెన్స్‌తో 41.4, గంటకి 87. ఎనిమిది గంటల్లో తేడా 120 దాటుతుంది. వాచీ రెండుసార్లూ ఒకటే చెప్పింది, తేడా అంతా నీ కంటిది. ఆ 120 జేబులు రోజూ ఎవరి భుజాల మీద పడతాయో తెలుసుగా.

కన్ను కుదరాలంటే సాధన చెయ్యాలి. పాత పద్ధతి ఒకటుంది, పేక ముక్కలు. 52 ముక్కల్ని నాలుగు వాటాలుగా పంచడానికి 0.375 నిమిషం, అంటే 22.5 సెకన్లు పడితే అది 100 రేటింగ్. సమతలం మీద బరువు లేకుండా గంటకి 4 మైళ్లు, దాదాపు 6.4 కిలోమీటర్లు, నడవడం కూడా 100 కిందే లెక్క. హాస్టల్లో నీ రూమ్మేట్‌ని పంచమని నువ్వు వాచీ చూడకుండా రేటింగ్ చెప్పు, తర్వాత వాచీతో సరిచూసుకో. మీ అమ్మకి మాత్రం చెప్పకు, ఉద్యోగంలో చేరగానే పేకాట మొదలెట్టిందంటుంది. ఇంకో సంగతి, చేతులు గబగబా కదిలినంత మాత్రాన వేగం కాదు. పనికిమాలిన కదలికలు ఎక్కువున్నవాళ్లే చూడ్డానికి హడావుడిగా కనిపిస్తారు, బాగా పనొచ్చినవాళ్లు తీరిగ్గా చేస్తున్నట్టుంటారు.

అలవెన్స్ దగ్గర మీ మేనేజరుతో నీకు మొదటి గొడవ వస్తుంది. అందరూ కోత పెట్టాలని చూసేది అక్కడే, ఎందుకంటే అది "ఖాళీ టైమ్" లాగా కనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్క్ స్టడీ పుస్తకంలో పట్టిక ఉంది, వెతికి చూడు. వ్యక్తిగత అవసరాలకి మగవాళ్లకి 5 శాతం, ఆడవాళ్లకి 7 శాతం, మామూలు అలసటకి ఇద్దరికీ 4. అంటే మీ లైన్‌లో కూర్చుని కుట్టే మనిషికి ఏ కష్టమూ లేకపోయినా 11 శాతం దగ్గర మొదలవుతుంది. నిలబడి చేసే పనైతే దాని మీద మగవాళ్లకి 2, ఆడవాళ్లకి 4. ఆపైన వేడి, చప్పుడు, కళ్లకి శ్రమ, ఒకే పని పదేపదే చెయ్యడం, వీటికి వేరే. ఐరన్ టేబుల్ దగ్గర ఒక అరగంట నిలబడి చూడు. ఆవిరి మొహానికి కొడుతూ, పెట్టె ఎత్తుతూ దించుతూ ఉండే పనికీ, ఫ్యాన్ కింద బటన్ పెట్టే పనికీ సెకన్లు సమానంగా రావచ్చు. శ్రమ సమానమా? వాచీకి తెలిసేది సెకన్లే, ఒళ్లు నొప్పి లెక్కలోకి వచ్చే దారి ఈ అలవెన్స్ ఒక్కటే. దాన్ని ఐరన్‌కీ బటన్‌కీ ఒకే 10 శాతం అని గుండుగుత్తగా వేసే ఫ్యాక్టరీలు చూశాను, టాయిలెట్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లనీ అక్కడే చూశాను. నువ్వు ఆపరేషన్‌వారీగా విడివిడిగా రాయి. కోస్తే మేనేజరుని కోయమను, కోసిన చోట సంతకం పెట్టమను. సంతకం అనేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఈ రోజుల్లో చాలా స్టైళ్లకి ఎస్ఏఎం (ఒక పీసుకి ఇవ్వాల్సిన నిమిషాలు) ముందే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేస్తుంది కదా, ఒక్కో చేతి కదలికకి ముందే కట్టిన టైముల పట్టిక నుంచి. 1948లో వచ్చిన ఎంటీఎం పద్ధతి దాని మూలం, అందులో ఒక యూనిట్ 0.036 సెకను. మంచిదే, రేటింగ్ తలనొప్పి తప్పుతుంది. కానీ ఆ పట్టిక మీ గుడ్డ జారుతుందనీ, గుర్తు సరిగ్గా పడలేదనీ ఎరగదు. కంప్యూటర్ ఇచ్చిన అంకెని ఫ్లోర్ మీద ఒకసారి చూసుకోకుండా బోర్డు మీద రాయొద్దు.

అన్నిటికంటే నువ్వు ఎక్కువ టైమ్ పెట్టాల్సింది మాత్రం వాచీ చూడని చోట. 30 మంది ఆపరేటర్లు, రోజుకి 480 నిమిషాలు, మొత్తం 14,400. 8 నిమిషాల ఎస్ఏఎం ఉన్న పీసు 900 వచ్చాయనుకో, అంటే 7,200 నిమిషాల పని. ఎఫిషియెన్సీ 50 శాతం. సాయంత్రం మీటింగులో "లైన్ 50 దగ్గరే ఉంది, ఆపరేటర్లు స్లో" అని తేల్చేస్తారు. నిజంగానా? మిగతా 7,200 నిమిషాలు ఎక్కడికి పోయాయో ఎవరి దగ్గరా కాగితం ఉండదు. కటింగ్ సెక్షన్ నుంచి ముక్కలు రాలేదు, మెకానిక్ ఇంకో లైన్‌లో ఉన్నాడు, లేబుల్ స్టోర్‌లో లేదు, కాలర్ దగ్గర బండిళ్లు పేరుకుపోయి తర్వాతి పని చేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు, పొద్దున్నే స్టైల్ మారింది, ఆల్టర్ పీసులు (మళ్లీ సరిచెయ్యాల్సినవి) వెనక్కొచ్చాయి. వీటిలో చాలామటుకు కుట్టే మనిషి చేతిలో ఉన్నవి కావు. నువ్వు చేరిన రోజు నుంచే ఒక షీటు పెట్టు, ఏ మిషన్ ఎప్పుడు ఆగింది, ఎందుకాగింది, ఎప్పుడు మొదలైంది. అంతే, నాలుగు గడులు చాలు.

లైనంతా రోజల్లా నువ్వు చూడలేవు, అందుకు వర్క్ శాంప్లింగ్ వాడు. 1930లలో టిప్పెట్ అనే ఇంగ్లండ్ స్టాటిస్టిక్స్ ఆయన బట్టల మిల్లుల కోసం కనిపెట్టిన దారి. ఏ టైమ్‌కి వెళ్లాలో ముందే చీటీలు తీసుకుని, ఆ టైమ్‌కి వెళ్లి మిషన్ నడుస్తోందా ఆగిందా అని ఒక్క చూపు చూసి టిక్ పెట్టడమే. ఆగే టైమ్ నాలుగో వంతు ఉంటుందని అనుకుంటే, 5 శాతం అటూ ఇటూ కచ్చితత్వానికి 300 చూపులు సరిపోతాయి. చీటీల టైమ్ మాత్రం తప్పొద్దు. టీ తాగి వస్తూ వస్తూ చూసినవి పనికిరావు, టీ అయ్యాక అన్ని మిషన్లూ నడుస్తూనే ఉంటాయి మరి.

హైదరాబాదులో మీ అన్నయ్య సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం వారం మొత్తానికి టైమ్‌షీటు నింపుతాడు, ప్రతి రోజూ సరిగ్గా 8 గంటలు, ప్రాజెక్టుకి 6, మీటింగులకి 2. వాణ్ని అడిగితే నవ్వుతాడు. దాన్ని కొలత అంటారా? దాని మీద మళ్లీ వచ్చే ప్రాజెక్టు ఎస్టిమేట్లు వేస్తారట, అందుకే అవి ఎప్పుడూ తప్పుతాయి. ఆ జబ్బు మీ షీటుకి అంటనివ్వకు, ఆగిన గంటలోనే రాయి, సాయంత్రం గుర్తు చేసుకుని రాయకు.

ఇంకొక్కటి గట్టిగా పట్టుకో. ఒకసారి స్టాండర్డ్ టైమ్ ఖాయమయ్యాక, మిషనో పద్ధతో గుడ్డో మారితే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. ఆపరేటర్ టార్గెట్ దాటి ఇన్సెంటివ్ ఎక్కువ తీసుకుంటోందని టైమ్ తగ్గించమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, చాలా తెలివైన మాటలతో అడుగుతారు. ఒప్పుకుంటే ఆ నెల కొంత మిగులుతుంది, ఆ తర్వాత లైన్‌లో ఎవరూ తమ అసలు వేగం నీకు చూపించరు. నువ్వు చిన్నదానివి, ఎదురు చెప్పడం కష్టమే, నాకు తెలుసు. "సార్, పద్ధతి ఏం మారిందో రాసివ్వండి, మళ్లీ స్టడీ చేస్తాను" అను. మర్యాదగానే ఉంటుంది, కాదన్నట్టూ ఉంటుంది.

ఆగిన మిషన్ల షీటు మాత్రం సోమవారమే మొదలుపెట్టు, మిగతావి మెల్లగా. గడులు ఎలా గీయాలో తోచకపోతే ఆదివారం ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం మూడు దాటాక, అప్పటిదాకా మీ పెద్దమ్మ నన్ను కూరలు తరగమంటుంది.

మీ పెదనాన్న