చొక్కా తడవలేదు కాబట్టి వడదెబ్బ కాదా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పత్తికొండ. మా నాన్నగారికి 61 ఏళ్లు. బీపీకి రెండు మాత్రలు వాడతారు, వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేదట. ఏటా నాలుగు చినుకులు పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేటకు బయలుదేరతారు. మొన్న మధ్యాహ్నం అక్కడే కళ్లు తిరిగి కూలబడ్డారు. చొక్కా పొడిగానే ఉంది, వడదెబ్బ కాదంటారు. సాయంత్రం ఉరుములు మొదలైతే చింతచెట్టు కింద నిలబడ్డారట. ఏం చేయాలి?

జవాబు: వెళ్లొద్దని నేను చెప్పినా ఆయన వినరు. పొలంలో రాయి దొరుకుతుందన్న ఆశకు నా దగ్గర మందు లేదు. కాబట్టి వెళ్లే మనిషికి పనికొచ్చేవే చెబుతాను.

ముందు ఆ పొడి చొక్కా సంగతి. కోస్తాలో గాలి నిండా తేమ. చెమట ఆరక ఒంటికి అంటుకుంటుంది, ఉక్క భరించలేక మనిషి తనంతట తానే నీడకు చేరతాడు. మన వైపు ఎండాకాలపు గాలి పొడిది. చెమట పడుతూనే ఆవిరైపోతుంది. నీళ్లు పోతున్నట్టు తెలియదు, పోవడం మాత్రం ఆగదు. ఇంటికొచ్చాక చొక్కా వీపు వైపు చూడమనండి. తెల్లటి చారలుంటే అది ఆయన ఒంట్లోంచి పోయిన ఉప్పే.

దానికి తోడు మూత్రం మాత్ర. ఎండ లాగేసిన నీటికి అదీ తోడైతే బీపీ పడిపోతుంది. గంటలకొద్దీ వంగి నేల వెతికి, ఒక్కసారిగా లేచిన మనిషికి కళ్లు తిరగడానికి అంత చాలు. అలాగని మాత్ర మీరే ఆపేయకండి. రాసిన డాక్టరుకు చూపించి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ఈ వయసులో కూలబడితే అన్నీ ఎండ మీదకు నెట్టలేం, ఈసీజీ కూడా తీయించండి.

పొలంలో పదకొండు నుంచి నాలుగు దాకా ఉండకూడదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతుండాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

వడదెబ్బకు అసలు గుర్తు చర్మం పొడిబారడం కాదు, మనిషి తీరు మారడం. పొంతన లేని మాటలు, తూలడం, ఫిట్స్, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటడం. అప్పుడు 108కి ఫోను చేసి, నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడుపుతూ విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు.

ఇక చింతచెట్టు. పిడుగుల వేళ అంతకన్నా చెడ్డ చోటు లేదు. ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దూరంలోనే ఉన్నట్టు. పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. టార్పాలిన్ గుడారం, ఆటో పనికిరావు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. వాన వెలిసీ వెలవకముందే పొలంలోకి పరుగెత్తే అలవాటు ఉంటుంది కదా, ప్రమాదమంతా ఆ అరగంటలోనే.

పిడుగు తగిలిన మనిషిని తాకితే కరెంటు కొడుతుందని చుట్టూ నిలబడి చూస్తారు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అక్కడ ఎలాగూ పదిమంది ఉంటారు. చేతులు మార్చుకుంటూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.