డాక్టర్ సలహా: నేను పేలియో డైట్‌లో ఉన్నా.. పిల్లలకూ అదే పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 76 కిలోలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 6.0 వచ్చింది. మందులేమీ వాడటం లేదు. పది రోజులుగా పేలియో డైట్ (ఆదిమానవుల తిండి ఇదేనంటూ ధాన్యాలు, పప్పులు, పాలు మానేసే పద్ధతి) చేస్తున్నా. అన్నం, చపాతీ, పప్పు, పాలు, పెరుగు, చక్కెర మానేశా. రోజుకు మూడుసార్లు తాగే టీ కూడా ఆపేశా. ఇంట్లో ఉప్పు బదులు సైంధవ లవణం వాడుతున్నాం. తలనొప్పి, నీరసం, మలబద్ధకం మొదలయ్యాయి. ఇద్దరం ఉద్యోగస్తులం. రోజూ రెండు వంటలు చేయలేక ఏడేళ్ల బాబుకు, మూడేళ్ల పాపకు కూడా ఇదే పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా?
- ఓ పాఠకురాలు, మియాపూర్

జవాబు: పిల్లలకు వద్దు. మీరు కొనసాగించొచ్చు గానీ కొన్ని మార్పులు చేసుకోవాలి. రెండు వంటలు చేయాల్సిన పని కూడా లేదు.

ముందు పిల్లల సంగతి. మూడేళ్ల పాప పొట్ట చిన్నది, ఎదుగుదలకు కావాల్సిన శక్తి మాత్రం ఎక్కువ. అన్నం, పప్పు తీసేసి ఆ లోటును కూరగాయలతో, చికెన్‌తో పూడ్చాలంటే అంత తినలేదు. పైగా కాల్షియం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పాపకు రోజుకు 500 మిల్లీగ్రాములు, బాబుకు 650, మీకు 1000 కావాలి. పావు లీటరు పాలలో దాదాపు 300 ఉంటుంది. కాబట్టి పిల్లలకు పాలు, పెరుగు, పప్పన్నం ఎప్పటిలాగే పెట్టండి. ఇంకో జాగ్రత్త: ఈ డైట్ మొదలుపెట్టిన ఇళ్లలో బాదం, జీడిపప్పు గిన్నెలు చేతికందేలా ఉంటాయి. మూడేళ్ల పాపకు పలుకులు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పొడి చేసే పెట్టాలి.

సైంధవ లవణం మానేయండి. మామూలుగా దొరికే వాటిలో అయోడిన్ ఉండదనే చెప్పాలి. పాలు కూడా మానేసిన మీకు అయోడిన్ అందే ముఖ్యమైన దారులు రెండూ మూసుకుపోతాయి. ఇంటిల్లిపాదికీ అయోడైజ్డ్ ఉప్పే మంచిది.

మీ తలనొప్పికి సగం కారణం టీ అయ్యుంటుంది. రోజూ అలవాటైన కెఫీన్ ఒక్కసారిగా ఆగితే వారం, పది రోజులు తల పట్టేస్తుంది. పాలు లేని టీలో నిమ్మరసం పిండుకుని రెండు కప్పులు తాగండి. మిగతా సగం ఉప్పు, నీళ్ల వల్ల. పిండి పదార్థాలు బాగా తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గి, కిడ్నీలు సోడియాన్ని, దాంతోపాటు నీటిని ఎక్కువగా బయటికి పంపేస్తాయి. నీరసం అందుకే. బీపీ లేదంటే మధ్యాహ్నం చిటికెడు ఉప్పు వేసిన నిమ్మనీళ్లు తాగొచ్చు. మలబద్ధకం మాత్రం కంచం నిండా చికెన్ పెట్టుకుని కూరగాయల్ని పక్కకి నెట్టేస్తే ఎక్కువగా వస్తుంది. రోజుకు అర కిలో కూరగాయలు, ఒక జామకాయ, రెండున్నర లీటర్ల నీళ్లు తప్పనిసరి.

ఇక వంట. ఆదివారం అర కిలో ఉల్లిపాయలు, కిలో టమాటాలు, గుప్పెడు అల్లం వెల్లుల్లి ముద్ద కొబ్బరినూనెలో నూనె తేలేదాకా వేయించి నాలుగు డబ్బాల్లో పెట్టుకోండి. రెండు ఫ్రిజ్‌లో (మూడు రోజుల్లో వాడేయాలి), రెండు ఫ్రీజర్‌లో. సాయంత్రం ఒక డబ్బాకు అర కిలో చికెన్ లేదా ఆరు గుడ్లు కలిపితే అరగంటలో కూర తయారు. ఇక్కడే కిటుకు: పిల్లల వాటా తీశాకే కారం వేయండి. వాళ్లకు ఆ కూరతో నెయ్యన్నం, పెరుగు. మీకు అదే కూరతో బీరకాయ, బెండకాయ వేపుడు, వంద గ్రాముల ఉడికించిన చిలగడదుంప. చేపలైతే కొరమీను తీసుకోండి, సన్నని ముళ్ల బెడద తక్కువ. రవ్వ (రోహు), బొచ్చె చేపల్లో ఆ ముళ్లు ఏరి పిల్లలకు పెట్టడం ఆఫీసు రోజుల్లో అయ్యే పని కాదు.

అన్నం బదులు క్యాలీఫ్లవర్ తురుము చేసేవారు చాలామంది ముద్ద చేసేస్తారు. కడిగాక గుడ్డతో తడి పూర్తిగా తుడిచి తురమాలి. వెడల్పాటి మూకుడులో, మూత పెట్టకుండా, పెద్ద మంట మీద ఐదు నిమిషాలు వేయించాలి. ఉప్పు చివర్లోనే వేయాలి. ముందే వేస్తే నీరు ఊరి గుజ్జవుతుంది. ఒకరికి రెండొందల గ్రాములు చాలు. మొదట్లో గ్యాస్ పట్టొచ్చు, అందుకని రోజూ వద్దు.

బయట తినేటప్పుడు చూసుకోవాలి. హలీమ్‌లో గోధుమలు, పప్పులు ఉంటాయి, చికెన్ 65లో కార్న్‌ఫ్లోర్. మాంసం కదా అని రెండూ పేలియో ఖాతాలో వేసుకోవద్దు. జీడిపప్పు, బాదం కలిపి రోజుకు 30 గ్రాములు దాటకూడదు. వంద గ్రాముల జీడిపప్పులో దాదాపు 600 క్యాలరీలు ఉంటాయి, చాలామందికి బరువు తగ్గడం ఆగిపోయేది ఇక్కడే.

ఆదిమానవుడు ధాన్యపు గింజలు ముట్టలేదన్న ఈ డైట్ వాదన నాకంత నమ్మకం కలిగించదు. యూరప్‌లో సుమారు 30 వేల ఏళ్ల నాటి నూరుడు రాళ్ల మీద పిండి రేణువులు దొరికాయి. మీకు మేలు చేసేది మైదా, చక్కెర, బేకరీ సరుకు మానేయడం. పాలు అరగని సమస్య లేకపోతే రోజుకో కప్పు పెరుగు మళ్లీ మొదలుపెట్టండి. ససేమిరా అంటే రెండు చెంచాల నువ్వులు, వారానికి నాలుగుసార్లు మునగాకు, నెత్తళ్లు తినండి. అయినా లోటు ఉంటుంది కాబట్టి కాల్షియం మాత్ర అవసరమేమో మీ డాక్టర్‌ను అడగండి.

ఇప్పుడే లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), క్రియాటినైన్ (కిడ్నీల పనితీరు), యూరిక్ యాసిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. మూడు నెలలకు వీటితోపాటు హెచ్‌బీఏ1సీ మళ్లీ చూడాలి. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. అలాగైతే మటన్, కొబ్బరినూనె తగ్గించాలి.

మీ డైట్ చూసి ఇంట్లో ఎవరైనా మొదలుపెట్టబోతే ఒక మాట. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవారికి కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) ముప్పు ఉంటుంది. వీరితోపాటు కిడ్నీ జబ్బు, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా ఈ డైట్ జోలికి వెళ్లకూడదు.