థింక్‌ప్యాడ్ టీ420లో ఐ7 పడుతుందా?
మీ టీ420 ల్యాప్‌టాప్‌లో ఐ5-2520ఎం ప్రాసెసర్ తీసేసి మూడో తరం ఐ7 వేయొచ్చా అని అడిగారు కదండీ. వద్దండీ. పిన్నులు కుదిరినా కంపెనీ బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) దాన్ని గుర్తుపట్టదు.

రెండో తరంలోనే చూడండి. ఐ7-2640ఎం పెట్టినా కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఇప్పటిలాగే రెండే, తేడా పెద్దగా తెలియదు. నాలుగు కోర్ల ఐ7-2720క్యూఎం పనికొస్తుంది గానీ, మీ పాతదాని 35 వాట్ల చోట ఇది 45 వాట్లు, వేడెక్కుతుంది. ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి లాగడానికి పూసేది) కొత్తది బియ్యపు గింజంత పెట్టండి. సాకెట్ (చిప్ కూర్చునే చోటు) పక్కనున్న స్క్రూని అర తిప్పు తిప్పితే చిప్ దానంతటదే వదులవుతుంది, పీకొద్దు. మూలన ఉన్న త్రికోణం గుర్తు చూసి కొత్తది కూర్చోబెట్టండి.

ఇంతకీ ఇంకా పాత హార్డ్ డిస్కేనా? అయితే ముందు దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి, ప్రాసెసర్ సంగతి తర్వాత.